పాలేరు పోయాడు, పాలేరుతనం పోలేదు

వెట్టిచాకిరి గురించి మాట్లాడేవాళ్లు చాలామందే వున్నారు గానీ 1976 నాటి వెట్టిచాకిరి వ్యవస్థ (రద్దు) చట్టాన్ని విప్పి చదివినవాళ్లు తక్కువ. ఆ చట్టం రెండో సెక్షన్‌లో ఒక జాబితా వుంది. ఈ దేశంలో ఏయే పేర్లతో మనుషుల్ని అప్పుకు కట్టేసి చాకిరి చేయించుకుంటున్నారో ఆ పేర్లు అందులో రాశారు. బారామాసియా, భగేలా, జీత, కమియా, సాగ్రి, వెట్టి... ఆ వరుసలోనే 'పాలేరు' అనే మాట కూడా వుంది. యూనివర్సిటీలో చేరాక లైబ్రరీలో ఆ పేజీ మొదటిసారి చూసినప్పుడు మేము కాసేపు పేజీ తిప్పలేకపోయాం. ఆ మాట మాకు పుస్తకాల్లో పరిచయమైంది కాదు. ఊళ్లో మా తాతల్ని పిలిచిన మాట అది. 'ఫలానా వారి పాలేరు' అంటేనే ఆ మనిషి ఆనవాలు, సొంత పేరు ఆ తర్వాత. మా ఇళ్లల్లో దాన్ని బతుకుతెరువు అనుకున్నారు, తలరాత అనుకున్నారు, కొందరు విశ్వాసం అని కూడా అనుకున్నారు. చట్టం మాత్రం దాన్ని నేరం అంది.

ఇవాళ గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఏ అధికారిని అడిగినా 'ఇక్కడ వెట్టి ఎక్కడుందండీ, ఆ రోజులు పోయాయి' అనే అంటాడు. ఏడాది జీతానికి కుదిరి గొడ్ల చావిట్లో పడుకునే పాలేరు కోసం వెతికితే నిజంగానే కనపడడు. కానీ పాలేరుని కట్టేసింది చావిడి కాదు, ముందుగా చేతిలో పెట్టిన డబ్బు. ఆ డబ్బు ఇప్పటికీ పత్తి చేలల్లో, మిరప తోటల్లో తిరుగుతూనే వుంది. మేస్త్రీ చేతిమీదుగా తిరుగుతోంది, ఎక్కువగా ఆడవాళ్లనీ వలస కూలీలనీ కడుతోంది. ఈ మార్పుని గుర్తుపట్టడం ఎట్లా, గుర్తుపట్టాక చట్టాన్ని పట్టుకుని ఏం చెయ్యొచ్చు అన్నది ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్నాం.

పాలేరుతనం ఎట్లా నడిచింది

కోస్తా జిల్లాల్లో పాలేరు ఏడాదికి కుదిరేవాడు. ఉగాదికో తొలి ఏకాదశికో మాట అనుకునేవాళ్లు. జీతం కొంత ధాన్యం రూపంలో, కొంత డబ్బు రూపంలో. పూట తిండి, కప్పుకోవడానికో దుప్పటి, కాళ్లకు చెప్పులు కూడా కొన్నిచోట్ల ఒప్పందంలో భాగమే. పెద్ద పాలేరు అరక దున్నేవాడు, చిన్న పాలేరు గొడ్లు కాసేవాడు. చిన్న పాలేరు అంటే చాలాసార్లు బళ్లో వుండాల్సిన పిల్లవాడే.

కుదిరేటప్పుడు కొంత ముందుగా తీసుకోవడం మామూలు. పెళ్లికో, చావుకో, జబ్బుకో, ఇంటి కప్పుకో మళ్లీ అవసరం పడేది. ఆ అప్పు రాసేది ఆసామి, లెక్క చెప్పేది ఆసామి. జ్వరం వచ్చి పనికి పోకపోతే నాగా. నాగా అంటే జీతంలో కోత. ఏడాది చివర లెక్క చూస్తే జీతం అప్పులోకి పోయేది, అప్పు మళ్లీ ఏడాదిలోకి పోయేది. తండ్రి ముసలివాడైతే కొడుకు ఆ కాడి కిందికి వచ్చేవాడు. పక్క ఆసామి ఎక్కువ జీతం ఇస్తానన్నా ముందు ఈ బాకీ తీర్చాల్సిందే. అంటే ఒక ఆసామి దగ్గర్నుంచి మరో ఆసామి దగ్గరికి మారేది మనిషి కాదు, బాకీ. దాని వెంట మనిషి పోయేవాడు.

దీన్ని ఉత్త అప్పు వ్యవహారంగా చూస్తే పొరపాటు. అప్పు ఏ కులంవాడైనా చేస్తాడు. రెడ్డి రైతు, కమ్మ రైతు కూడా షావుకారు దగ్గర అప్పు చేశారు. వాళ్లు పొలం తాకట్టు పెట్టారు, బంగారం తాకట్టు పెట్టారు. మాల, మాదిగ పల్లెల్లో తాకట్టు పెట్టడానికి పొలం లేదు. ఒళ్లు ఒక్కటే వుంది. భూమి లేకుండా చేసింది కులం, ఒళ్లు తాకట్టు పెట్టించింది అప్పు. 1976 చట్టం ఈ సంగతి ఒప్పుకుంది. వెట్టికి కారణాల్లో అప్పుతోపాటు 'ఫలానా కులంలో, సమూహంలో పుట్టినందువల్ల' చేసే చాకిరిని కూడా చేర్చింది. సాహిత్యంలో ఈ సంగతి అంతకంటే చాలా ముందే వచ్చింది. గుంటూరులో వుండిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి' నవలలో కూలిజనం పక్షాన నిలబడ్డ సంగదాసుని భూస్వామి చౌదరయ్య చంపుతాడు. ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

చట్టం ఎవరి పక్షాన వుంది

బానిసత్వం ఈ దేశంలో ఎప్పుడో రద్దయిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1843లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఐదో నంబరు చట్టం చేసి, 'వీడు నా బానిస' అనే దావాని కోర్టులు ఒప్పుకోకూడదంది. బానిసకు భూమి ఇమ్మని గానీ, కూలి ఇమ్మని గానీ అనలేదు. ఆ తర్వాత 16 ఏళ్లకు, 1859లో, మరో చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టిన కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, పనికి పొమ్మని ఆదేశించి, వినకపోతే జైలుకి పంపే చట్టం అది. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు పెట్టి తర్వాత మిగతా ప్రాంతాలకూ పాకించారు. 1925లో గానీ దాన్ని రద్దు చెయ్యలేదు. ఒక చేత్తో బానిస అనే పేరు తీసేశారు, ఇంకో చేత్తో అడ్వాన్సుకి పోలీసుని కాపలా పెట్టారు. ఇప్పటికీ మేస్త్రీలు 'పారిపోతే కేసు పెడతాం' అని బెదిరించడం, కూలీలు దానికి భయపడటం వింటుంటాం. ఆ చట్టం చచ్చి నూరేళ్లయింది. దాని భయం చావలేదు.

1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ చాకిరి మీద 29వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని 1954లో ఆమోదించింది. 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన నాలుగో అధికరణం ఎవరినీ బానిసత్వంలో వుంచరాదంది. 1956లో ఐక్యరాజ్యసమితి చేసిన అనుబంధ ఒడంబడిక అప్పుకు ఒళ్లు తాకట్టు పెట్టడాన్ని కూడా బానిసత్వంతో సమానమైన ఆచారాల్లో చేర్చింది. మన రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ నిర్బంధ చాకిరినీ నిషేధించింది. ఇది ప్రభుత్వం మీద మాత్రమే చెల్లే హక్కు కాదు, ఆసామి మీద, కాంట్రాక్టరు మీద, మేస్త్రీ మీద కూడా చెల్లుతుంది. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం కూడా ఇట్లాంటిదే. ఈ రెండూ అంబేడ్కర్ అధ్యక్షతన తయారైన ముసాయిదాలో వుండటం యాదృచ్ఛికం కాదు. మహార్ వతన్ పేరుతో తన వాళ్ల చేత ఊరంతా చేయించుకున్న చాకిరి మీద ఆయన 1920ల నుంచే పోరాడుతున్నాడు.

రాజ్యాంగం వచ్చిన పాతికేళ్లకు, 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టి రద్దయింది. అది ఎమర్జెన్సీ కాలం. హక్కులన్నీ గుంజుకున్న ప్రభుత్వమే ఈ ఒక్క హక్కుని ప్రకటించింది. ఆ వైరుధ్యం ఎట్లా వున్నా చట్టం మాత్రం మన చేతికి వచ్చింది. 1859లో అడ్వాన్సు తీసుకున్న కూలీ నేరస్థుడు. 1976 తర్వాత అడ్వాన్సుతో కట్టేసిన యజమాని నేరస్థుడు.

పత్తి, మిరప తెచ్చిన మార్పు

1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ కింద గుంటూరు, ప్రకాశం ప్రాంతాల సేద్యం మారిపోయింది. 1970లలో వరలక్ష్మి లాంటి హైబ్రిడ్ పత్తి నల్లరేగడి భూముల్లోకి వచ్చింది. మిరప వ్యాపారంతో గుంటూరు యార్డు దేశం నలుమూలలకూ తెలిసింది. ట్రాక్టరు వచ్చాక అరక పోయింది, అరకతోపాటు పెద్ద పాలేరు పోయాడు. ఏడాది పొడవునా ఒక మనిషికి తిండి పెట్టడం ఆసామికి దండగ అయింది. అతనికిప్పుడు కావలసింది సీజన్‌లో ఒక్కసారిగా చాలా చేతులు. పత్తి తీతకు, మిరపకాయ కోతకు వంగిన నడుములు కావాలి, అవి చౌకగా దొరకాలి. అందుకే ఈ రెండు పనులూ ఆడవాళ్ల మీద పడ్డాయి.

ఈ మార్పు ఉత్త యంత్రాలవల్లే రాలేదు. దళితులు ఎదురు తిరగడం కూడా ఒక కారణం. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను వెంటాడి చంపారు. ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చుండూరులో హత్యలకు ముందు జరిగింది మనం మర్చిపోకూడదు. దళితులను సాంఘిక బహిష్కరణ చేసి పనుల్లోకి రానివ్వలేదు. లొంగని చేతులకు పని లేదన్నారు. లొంగని చేతుల బదులు ఎక్కడ్నుంచో లొంగే చేతుల్ని తెచ్చుకోవడం అన్న పద్ధతి ఈ మైదానాల్లో అప్పట్నుంచీ బలపడుతూ వచ్చిందని మా అభిప్రాయం. ఊళ్లో కూలీ రేటు పెంచమని అడుగుతాడు, సాయంత్రానికి ఇంటికి పోతాడు, తోడుగా సంఘం వుంటుంది. అడ్వాన్సు మీద వచ్చిన వలస కూలీకి ఇవేవీ వుండవు.

ఆ వలస ఎక్కడ్నుంచి వస్తోంది? ఏటా పంట చేతికొచ్చే కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు బయల్దేరతాయి. మాదిగలు, బోయలు, ఇతర వెనకబడిన కులాలవాళ్లు వాళ్లలో ఎక్కువ. ప్రకాశం పడమటి మెట్ట నుంచి కూడా వస్తారు. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు, పిల్లల బడి ఆగిపోతుంది. తీరం వెంబడి చేపల చెరువుల దగ్గర, రొయ్యల చెరువుల దగ్గర కాపలా వుండే యానాది కుటుంబాలదీ ఇదే కథ. గుడిసె చెరువు గట్టుమీదే, అప్పు యజమాని దగ్గరే.

పత్తి విత్తనం దాకా వెళ్లి చూస్తే కథ ఇంకా లోతుగా వుంటుంది. హైబ్రిడ్ విత్తనం తయారు చెయ్యాలంటే ప్రతి పువ్వునీ చేత్తో విప్పి మగ భాగం తీసేసి, మర్నాడు వేరే మొక్క పుప్పొడి అద్దాలి. 1990లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తనపు చేలల్లో ఈ పనికి ఆడపిల్లల్ని పెట్టారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లని సీజను మొత్తానికి కట్టేసుకున్నారు. దావులూరి వెంకటేశ్వర్లు పరిశోధనలు దీన్ని ప్రపంచం ముందు పెట్టాయి. పాలేరుతనం పెద్దవాళ్ల నుంచి పిల్లలకు, మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు మారిందని ఆ పరిశోధనలు చెప్పాయి. మన చేలో మొలిచిన మొక్క వెనుక ఒక ఆడపిల్ల పోగొట్టుకున్న బడి కూడా వుందన్న మాట.

అడ్వాన్సు లెక్క

'అడ్వాన్సు మేమిస్తున్నామా, వాళ్లే అడుగుతున్నారు' అనేది అందరూ చెప్పే మాట. నిజమే, అడుగుతారు. ఇంట్లో గింజలు లేని నెలల్లో ఎవరైనా అడుగుతారు. ప్రశ్న అడిగారా లేదా అని కాదు. అడిగినందుకు ఏం పోగొట్టుకున్నారు అన్నదే ప్రశ్న. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది మేము అర్థం కావడానికి వేసిన లెక్కేగానీ ఫలానా కుటుంబానిది కాదు.

ఒక మొగుడూ పెళ్లాం మేస్త్రీ దగ్గర 30,000 రూపాయలు తీసుకున్నారు. సీజను 75 రోజులు. ఇద్దరివీ కలిపి 150 పనిరోజులు. జ్వరాలకీ వానకీ 10 పోతే 140 మిగిలాయి. అడ్వాన్సు తీసుకున్నందుకు రోజుకి 300 చొప్పున కట్టారు. మొత్తం 42,000. వారానికి 1,500 చొప్పున 11 వారాల ఖర్చులకు 16,500 పోయింది. దారిఖర్చులకి, బియ్యానికి 4,000 కోశారు. మిగిలింది 21,500. అడ్వాన్సు 30,000 కాబట్టి ఇంకా 8,500 బాకీ. అది వచ్చే ఏటికి వడ్డీతో నిలబడింది. వచ్చే ఏడు కూడా ఆ మేస్త్రీ వెంటే రావాలి.

ఇప్పుడు అదే ఊళ్లో, అదే తోటలో అడ్వాన్సు లేని కూలీకి రోజుకి 400 ఇస్తున్నారనుకుందాం. 140 రోజులకు 56,000. ఖర్చులన్నీ పోను 35,500. అడ్వాన్సు తీరిపోయి చేతిలో 5,500 మిగలాలి. అంటే 8,500 బాకీ అనేది అసలు లేదు. కూలిలో దాచుకున్న 14,000ని కూలీ మీద అప్పుగా రాశారు. అప్పు తీరకపోవడానికి కారణం కూలీ తాగుబోతుతనమో తెలివితక్కువతనమో కాదు. ఆ అప్పు తీరకుండా వుండేలాగానే కూలి కట్టారు.

ఇక్కడే చట్టం మనకి పనికొస్తుంది. కనీస వేతనం కంటే తక్కువైనా, కనీస వేతనం నిర్ణయించని పనుల్లో ఆ ప్రాంతంలో మామూలుగా ఇచ్చే కూలి కంటే తక్కువైనా దాన్ని 1976 చట్టం 'నామమాత్రపు కూలి' అంటుంది. అడ్వాన్సు మీద నామమాత్రపు కూలికి పని చేయిస్తే అది వెట్టే. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడమే 23వ అధికరణం కింద నిర్బంధ చాకిరి అంది. ఆకలి కూడా నిర్బంధమే అని ఆ తీర్పు సారాంశం. తుపాకీ అక్కర్లేదు, తాళం అక్కర్లేదు. వేరే దారి లేనివాడు ఒప్పుకున్న తక్కువ కూలి ఒప్పుకోలు కాదు.

గుర్తుపట్టడం ఎట్లా

కార్యకర్తలు, టీచర్లు తోటలోకి పోయి 'మీరు వెట్టివాళ్లా?' అని అడిగితే ఎవరూ అవునని అనరు. ఆ మాటలో అవమానం వుంది. మేమైనా అనం. అందుకే నాలుగు ప్రశ్నలు అడగాలి. ముందుగా ఎంత తీసుకున్నారు, ఎవరి దగ్గర? రోజుకి ఎంత పడుతోంది, పక్క తోటలో ఎంత? రేపు పక్క తోటకు పోతానంటే ఏమంటారు? పండక్కి ఊరికి పోతానంటే ఇంటిల్లిపాదినీ పోనిస్తారా, లేక ఒకరిని ఆపేస్తారా? ఈ నాలుగింట్లో అడ్వాన్సు వుండి, దానితోపాటు తక్కువ కూలి గానీ, పని మారే స్వేచ్ఛ పోవడం గానీ, తిరిగే స్వేచ్ఛ పోవడం గానీ ఒక్కటి వున్నా చాలు. చట్టం ప్రకారం అది వెట్టి. అన్నీ వుండాల్సిన పని లేదు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు మేస్త్రీ దగ్గర పెట్టుకోవడం, ఫోన్ లాక్కోవడం కనపడితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మేస్త్రీ చాలాసార్లు మన పల్లెవాడే, మన కులంవాడే, కొన్నిసార్లు మన బంధువే. అతని చేతిలో వున్నది ఆసామి డబ్బు. ఆసామి అతని వెనక దాక్కుంటాడు. మేస్త్రీని వదిలెయ్యమని కాదు గానీ, కేసు అతని దగ్గరే ఆగిపోతే అసలు యజమాని తప్పించుకుంటాడు. ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ వుండాలి. ఇక రైతు సంగతి. రైతు కూడా అప్పులపాలేనని అంటారు. అది అబద్ధం కాదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ దెబ్బకు పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 1997-98లో వరంగల్‌లో అదే చూశాం. వాళ్లలో కౌలు రైతులు చాలామంది. ఇవాళ కౌలు చేస్తున్న దళిత కుటుంబాలు కూడా పురుగుమందుల షాపుకీ కమీషన్ వ్యాపారికీ బాకీపడే వున్నాయి. కానీ తన మీద పడ్డ భారాన్ని కూలీ మెడ మీదికి దించుకునే హక్కు ఎవరికీ లేదు. రైతు అప్పుకి జవాబు రైతు సంఘం వెతకాలి, కూలీ స్వేచ్ఛ దానికి తాకట్టు కాదు.

చట్టం చేతిలో వుంటే

1976 చట్టంలోని కొన్ని సంగతులు ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి. వెట్టి కింద వున్న అప్పు చట్టం వచ్చిన రోజే చచ్చిపోయింది. ఇక దాన్ని వసూలు చెయ్యడమే నేరం. ఆ అప్పు కింద తాకట్టు పెట్టినవి తిరిగి ఇవ్వాలి. విడుదలైన మనిషిని అతనుంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే, కూలీది కాదు. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత బలపరిచింది. ఎవరి చేతనైనా నిర్బంధంగా చాకిరి చేయిస్తున్నట్టు తేలితే, దాని వెనుక అడ్వాన్సు వుందనే అనుకోవాలి, కాదంటే యజమానే చూపించుకోవాలి అంది. కాగితం లేని కూలీకి ఇంతకంటే పెద్ద ఆసరా లేదు.

బాధ్యత జిల్లా కలెక్టరుది. జిల్లాలో, డివిజన్‌లో నిఘా కమిటీలు వుండాలి. జిల్లా కమిటీలో ఎస్సీ, ఎస్టీలకు చెందిన ముగ్గురు సభ్యులు వుండాలని చట్టమే చెప్పింది. మీ జిల్లా కమిటీలో ఆ ముగ్గురు ఎవరు, ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని సమాచార హక్కు కింద అడగండి. ఆ ఒక్క దరఖాస్తుతోనే చాలాచోట్ల కదలిక వస్తుంది. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే, యజమాని ఆ కులాలవాడు కాకపోతే, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. వెట్టి చేయించడం అందులో స్పష్టంగా అత్యాచారమే. రెండు చట్టాలూ కలిపి పెట్టించాలి. ఎందుకంటే 1976 చట్టంలో గరిష్ఠ శిక్ష మూడేళ్లు, జరిమానా 2,000 రూపాయలే. ఆ జరిమానా వసూలైతే కూలీకి ఇచ్చేది రోజుకి ఐదు రూపాయలు. ఆ అంకెలు అప్పట్నుంచీ అట్లాగే వున్నాయి. మనిషి స్వేచ్ఛకు ఈ రాజ్యం కట్టిన ధర అది.

విడుదల సర్టిఫికెట్ అన్నిటికంటే ముఖ్యం. అది చేతికి రాకుండా కూలీలను లారీ ఎక్కించి ఊరికి పంపడాన్ని విడుదల అనకూడదు. అది సాక్ష్యాన్ని మాయం చెయ్యడం. కేంద్ర పునరావాస పథకం 2016లో మారింది. దాని ప్రకారం మగవాళ్లకు 1 లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు ఇవ్వాలి. 2022 నుంచి తక్షణ సాయం 30,000 దాకా వుంది. అయితే మిగతా డబ్బు కేసు తేలడానికి ముడిపెట్టారు. కేసు తేలదు, డబ్బు రాదు. ఆ మధ్యలో కూలీ మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికి పోతాడు. 2030 నాటికి 1.84 కోట్ల మందిని విడిపిస్తామని కేంద్ర ప్రభుత్వం 2016లో చెప్పింది. 1976 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా కాలంలో విడుదలైనవాళ్లు సుమారు మూడు లక్షలే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత దూరం పోవాలో తెలుస్తుంది.

విడుదల తర్వాత

ఒళ్లు విడిపించడంతో పని అయిపోదు. 1843లో చేసిన తప్పే అది. పేరు తీసేశారు గానీ భూమి ఇవ్వలేదు. అనుభవం ఏం చెబుతోందో రెండు చోట్ల చూడొచ్చు. ఒకటి తెలంగాణలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. 1980ల రెండో సగంలో అక్కడి వ్యవసాయ కూలీ సంఘం వెట్టి విడుదలనీ, కూలి బకాయిలనీ, భూమినీ విడివిడిగా కాకుండా ఒకే పోరాటంగా నడిపింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు ప్రభుత్వంలో వుండి చట్టాన్ని కూలీల పక్షాన నిలబెట్టారు. సంఘం లేకుండా అధికారి ఏమీ చెయ్యలేడు, చట్టం తెలియకుండా సంఘం ఎక్కువ దూరం పోలేదు అన్నది అక్కడి పాఠం.

రెండోది మన కారంచేడే. హత్యల తర్వాత బతికినవాళ్లు చీరాల చేరారు. తిరిగి ఊరికి రమ్మని ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా పోలేదు. చీరాలలోనే ఇళ్ల స్థలాలు సాధించుకుని విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది. ఆ నిర్ణయాన్ని మనం సాధారణంగా ఆత్మగౌరవం అని చెప్పుకుంటాం. అది నిజమే. కానీ దానికి ఇంకో అర్థం కూడా వుంది. 'నీ చేలో పని చెయ్యను' అని ఒక ఊరు ఊరంతా చెప్పింది. పని మానేసే స్వేచ్ఛ, పని మార్చుకునే స్వేచ్ఛ, ఊరు మార్చుకునే స్వేచ్ఛ. 1976 చట్టం కాగితం మీద రాసింది వీటినే. కారంచేడు మాదిగలు ఆరు ప్రాణాలు పోగొట్టుకుని వాటిని నిజం చేసుకున్నారు.

అందుకే వెట్టి రద్దు కోరడమంటే జాలి అడుక్కోవడం కాదు. కూలీకి కావలసింది అప్పు మాఫీ కాదు, ఆ అప్పు చట్టం దృష్టిలో ఎప్పుడో లేదు. కావలసినవి కాగితం మీద రాసిన కూలి, సీజను మధ్యలో కూడా వెళ్లిపోగలిగే హక్కు, గింజలు లేని నెలల్లో సొంత ఊళ్లో పని, సాగుకో ముక్క భూమి, పిల్లలకు ఆగని బడి. వలస వచ్చే ఊళ్లలో, వలస పోయే ఊళ్లలో రెండుచోట్లా ఈ పని జరగాలి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల సంఘాలు కోసిగి, ఆదోని సంఘాలతో మాట్లాడుకోవాలి. ఊళ్లో కూలీ రేటు పడిపోవడానికి కారణం కర్నూలు నుంచి వచ్చిన మాదిగో బోయో కాదని, అతని మెడకు కట్టిన అడ్వాన్సని స్థానిక కూలీలకు అర్థమయ్యేలా చెప్పాలి. లేకపోతే ఆసామి మనల్ని మనమీదే ఎగదోస్తాడు.

వచ్చే మిరప సీజనులో ప్రతి కాలేజీ విద్యార్థి సంఘం, ప్రతి టీచర్ల సంఘం తమ మండలంలో ఒక్క తోట దగ్గరికి పోయి పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు రాసి కలెక్టరుకి ఇవ్వండి. రసీదు తీసుకోండి. మా తాతల్ని ఎవరూ ఆ ప్రశ్నలు అడగలేదు. చట్టంలో వాళ్ల పేరు రాసినవాళ్లు కూడా ఆ సంగతి వాళ్లకు వచ్చి చెప్పలేదు.